యాక్టివ్ స్పీకర్లు కొనేముందు నేల వంక చూడండి

మా కడప ఇండ్లలో నేలంతా నాపబండలే. ఎండాకాలం కాళ్లకు హాయిగా ఉంటాయి గానీ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. అందుకే అంగట్లో తియ్యగా వినిపించిన జత ఇంటికొచ్చాక గీపెడుతుంది. స్పీకర్లకూ మీరు కూర్చునే చోటికీ మధ్య మందపాటి జంపఖానా పరిచి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది. నేనైతే ఖరీదైన వైర్ల కంటే ముందు దీనికే డబ్బు పెట్టమంటాను.

ఇక పెట్టె మీద 'యాక్టివ్' (శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ లోపలే ఉన్నది) అని రాసుంటే సరిపోదు, స్పీకరును వెనక్కి తిప్పి చూడండి. ఒక స్పీకరు నుంచి రెండోదానికి మామూలు రెండు పోగుల వైరే వెళ్తుంటే, ఆంప్లిఫయర్ మొత్తం ఒక్క దాంట్లోనే ఉన్నట్టు. అసలైన యాక్టివ్‌లో లావు శబ్దాలిచ్చే ఊఫర్‌కు ఒకటి, సన్న శబ్దాలిచ్చే ట్వీటర్‌కు ఒకటి విడివిడిగా ఆంప్లిఫయర్లుంటాయి. క్రాసోవర్ అనే సర్క్యూట్ వాటికంటే ముందే సిగ్నల్‌ను లావు, సన్న శబ్దాలుగా విడగొడుతుంది. మొదటి రకం చెడ్డదేం కాదు, కానీ దానికి రెండో రకం ధర ఇవ్వకండి.

అసలైన వాటిలో చాలావాటికి దేని కరెంటు తీగ దానికే. గదిలో రెండు పక్కలా ప్లగ్ పాయింట్లు ఉన్నాయా, చూసుకోండి. బేస్ రంధ్రం (లావు శబ్దం బయటికొచ్చే గాలి దారి) వెనకవైపు ఉంటే గోడకు అడుగైనా ఎడం కావాలి. అంత చోటు లేదా, రంధ్రం ముందున్నది తీసుకోండి. వాట్లంటారా, ఆగకుండా ఇవ్వగల పవర్ చెప్పే ఆర్‌ఎంఎస్ లెక్కే అడగండి, రెప్పపాటు పీక్‌ను గొప్పగా చూపే పీఎంపీఓ అంకెను పట్టించుకోవద్దు. పది బై పన్నెండు అడుగుల గదికి ఐదంగుళాల ఊఫర్ చాలు.