మొదటి క్లాసు బాగుంటుంది, రెండో క్లాసులో గొంతు తెగుతుంది: ఆన్‌లైన్ టీచర్లకు సమస్య - పరిష్కారం

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు ఇప్పుడు బాగా పెరిగారు. టెన్త్ లెక్కలు చెప్పేవాళ్ళున్నారు, గ్రూప్స్ కోచింగ్ ఇచ్చేవాళ్ళున్నారు, అమెరికాలో ఉన్న మన పిల్లలకు తెల్లారగట్ల లేచి సంగీతం నేర్పేవాళ్ళున్నారు. వీళ్ళ దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "నా గొంతు తెగిపోతా ఉందంట, పిల్లలకు వినపడటం లేదంట, నెట్ మార్చమంటావా?" మార్చొద్దు. ముందు ఇది చదవండి. మీటింగ్ పెట్టడం, లింకు పంపడం, స్క్రీన్ షేర్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా. సెట్టింగుల పేర్లు జూమ్‌వి, విండోస్ లాప్‌టాప్‌వి. గూగుల్ మీట్ వాడేవాళ్ళకు మెనూలు వేరుగా ఉంటాయి గానీ కారణాలు మాత్రం దాదాపు ఇవే.

అన్నిటికంటే ముందు: ఒక్కరికా, అందరికా?

దీన్ని ఎవరూ అడగరు. ఒక పిల్లాడు "సార్, వినపడటంలా" అనగానే మైకు పీకి మళ్ళీ పెడతారు, మీటింగ్ నుంచి బయటికొచ్చి మళ్ళీ చేరతారు, రూటర్ ఆపి వేస్తారు, పది నిమిషాల పాఠం పోతుంది. చివరికి చూస్తే ఆ ఒక్క పిల్లాడి ఫోన్‌లోనే సిగ్నల్ లేదు. అందుకని చేయి రూటర్ మీదికి పోయేముందు చాట్‌లో ఒక్క లైన్ రాయండి: "నా మాట ఎవరెవరికి తెగుతోంది?" ఒక్కరికే అయితే తప్పు వాళ్ళ వైపు ఉంది, పాఠం కొనసాగించండి. అందరికీ అయితే మీ వైపు. అలాగే ఇంకొకటి గమనించండి. వాళ్ళ మాట మీకు శుభ్రంగా వినిపిస్తూ, మీ మాట మాత్రమే వాళ్ళకు తెగుతుంటే అది మీ అప్‌లోడ్ (మీ వైపు నుంచి నెట్‌లోకి వెళ్ళేది) సమస్య, లేదా మైకు సమస్య. రెండు వైపులా తెగుతుంటే వైఫై గానీ లైను గానీ అయ్యుంటుంది.

గొంతు బావిలోంచి వచ్చినట్టుంది, లేదా దూరంగా వినిపిస్తోంది

తెగడం వేరు, ఇది వేరు. నెట్‌కి దీనితో సంబంధం లేదు. మైకు గుర్తు పక్కనున్న చిన్న బాణం నొక్కి, ఏ మైకు ఎంచుకుని ఉందో చూడండి. మీరు కాలర్ మైకు పెట్టుకుని, జూమ్ మాత్రం లాప్‌టాప్ లోపలి మైకుతో వింటూ ఉంటుంది, ఇది చాలా మామూలు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడుతుంటే ఇంకో తంటా ఉంది. వాటిలో మైకు పనిచేయడం మొదలవగానే అవి ఫోన్ కాల్ మోడ్‌లోకి మారతాయి, చాలా వాటిలో గొంతు నాణ్యత అక్కడే పడిపోతుంది. పాఠం చెప్పడానికి వైరున్న ఇయర్‌ఫోన్సే మేలు. ఎంత ఖరీదైన బడ్స్ చూపించినా నా మాట ఇదే.

మొదటి క్లాసు బాగుంటుంది, రెండో క్లాసులో గొంతు రోబో లాగా అయిపోతుంది

ఇదీ అసలు సంగతి. ఇంతమందిని ఇంతగా ఏడిపించిన సమస్య నేను ఇంకోటి చూళ్ళేదు. డబ్బు పెట్టి రూటర్ మార్చినవాళ్ళున్నారు, నెట్ కంపెనీ మార్చినవాళ్ళున్నారు, క్లాసులే మానుకుందామనుకున్నవాళ్ళూ ఉన్నారు.

వేదాయపాళెంలో సంగీతం చెప్పే ఒక మేడం సంగతి చెప్తాను. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, ఏడింటికి ఒక బ్యాచ్, రెండూ అమెరికా పిల్లలే. ఆరింటి క్లాసు గంట సేపూ చక్కగా సాగుతుంది. ఏడింటి క్లాసు మొదలయ్యేసరికి ఆమె పాడే సరళీ వరుసలు ముక్కలు ముక్కలుగా వెళ్తాయి, 'స'కీ 'రి'కీ మధ్య ఖాళీ, ఆ తర్వాత 'గ మ ప' మూడూ ఒకదాని మీద ఒకటి. ఇరవై నిమిషాలు పోయాక ఎవరూ ఏమీ చేయకుండానే అంతా సర్దుకుంటుంది. ఇంట్లో అప్పటికి ఎవరూ నిద్ర కూడా లేవరు కాబట్టి నెట్ ఇంకొకరు వాడే ప్రశ్నే లేదు. కంపెనీ మనిషి పదకొండింటికి వచ్చి స్పీడ్ టెస్ట్ చేసి, అంకె చూపించి వెళ్ళిపోయాడు. అంకె బాగానే ఉంది, ఆ టైముకు ఏ సమస్యా లేదు మరి.

కారణం ఆరింటి క్లాసు రికార్డింగే. పిల్లలు సాధన చేసుకోవడానికి ఆమె ప్రతి క్లాసూ రికార్డ్ చేసేది. జూమ్‌లో కంప్యూటర్‌లోకి చేసే రికార్డింగ్ మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో, జూమ్ అనే ఫోల్డర్‌లో పడుతుంది. విండోస్ లాప్‌టాప్ కొన్నాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అన్నిటికీ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం కదా, ఆ నెక్స్ట్‌లలో ఎక్కడో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజ్) బ్యాకప్ ఆన్ అయిపోయి ఉంటుంది. అది డెస్క్‌టాప్‌నూ డాక్యుమెంట్స్‌నూ పిక్చర్స్‌నూ అడక్కుండా పైకి ఎక్కిస్తూ ఉంటుంది. క్లాసు ముగించగానే జూమ్ ఆ రికార్డింగ్‌ను వీడియో ఫైలుగా మారుస్తుంది, ఒక గీత నిండుతూ పోవడం మీరు చూసే ఉంటారు. ఆ ఫైలు తయారైన మరుక్షణం వన్‌డ్రైవ్ దాన్ని అప్‌లోడ్ చేయడం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే మీరు రెండో క్లాసు తెరుస్తారు.

లెక్క చూడండి. వీడియోతో ఉన్న రికార్డింగ్ గంటకు సుమారు 200 ఎంబీ అని జూమ్ వాళ్ళే చెబుతారు. మీ అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, ఎనిమిది బిట్లయితే ఒక బైటు) అయితే ఆ ఫైలు ఎక్కడానికి ఇంచుమించు 13 నిమిషాలు, అది కూడా లైనంతా దానికే ఇస్తే. 3 ఎంబీపీఎస్ ఉన్నా 9 నిమిషాలు. మీ క్లాసు కూడా అదే లైను మీద పోతోంది కాబట్టి ఇద్దరూ కొట్టుకుని ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మాటకు కావలసింది నిజానికి చాలా తక్కువ, 60 నుంచి 80 కేబీపీఎస్ అంతే. కానీ రూటర్ దగ్గర ఫైలు ముక్కలు వరుస కట్టి నిలబడ్డాక మీ గొంతు కూడా ఆ వరుసలో వెనక నిలబడాల్సిందే. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనక స్కూటర్ ఇరుక్కున్నట్టు. ఫైలు పది సెకన్లు ఆలస్యంగా చేరినా దానికి నష్టం లేదు. మాట అలా కాదు, అర సెకను ఆలస్యమైతే జూమ్ ఆ ముక్కను పారేసి ముందుకు పోతుంది, మిగిలిన ముక్కలను సాగదీసి అతుకుతుంది. పిల్లలు రోబో అనేది దాన్నే.

ఇది దొరక్కుండా తప్పించుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మీకు పిల్లల మాట బాగానే వినిపిస్తుంది, ఎందుకంటే డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంది. స్పీడ్ టెస్ట్‌లో అందరూ పెద్ద అంకె చూసి సంతోషిస్తారు, అది డౌన్‌లోడ్. కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ దానిలో చిన్న వంతు మాత్రమే ఉంటుంది. రెండో అంకె చదవండి, మీ క్లాసుకు పనికొచ్చేది అదే. ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నిస్తే కొందరికి బాగా వస్తుంది, దాంతో ఇంటి నెట్‌దే తప్పని తేల్చేస్తారు. అసలు జరిగేదేంటంటే, ఆ హాట్‌స్పాట్‌ను విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా, పెట్టి ఉంటే వన్‌డ్రైవ్ తనంతట తానే ఆగిపోతుంది. అన్నిటికంటే పెద్ద మోసం ఇంకోటి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. క్లాసుకు 200 ఎంబీ చొప్పున పాతిక క్లాసులకు అది నిండిపోతుంది, అప్‌లోడ్ ఆగిపోతుంది, మీ సమస్య మాయమవుతుంది. రూటర్ మార్చినందుకు బాగైందనుకుంటారు. తర్వాత ఎప్పుడో "స్టోరేజ్ నిండింది" అని మెయిల్ వస్తే పాత వీడియోలు తీసేస్తారు, మర్నాడు రెండో క్లాసులో మళ్ళీ అదే గోల.

మీదీ ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. రెండో క్లాసులో గొంతు తెగుతున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో నెట్‌వర్క్ అనే వరుస పైన నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. జూమ్ కంటే పైన వన్‌డ్రైవ్ కూర్చుని ఉంటే దొంగ దొరికినట్టే. స్క్రీన్ కింద కుడివైపు మూల ఉన్న మబ్బు గుర్తు మీద నొక్కితే ఏ ఫైలు ఎక్కుతోందో కూడా కనిపిస్తుంది, పొద్దుటి క్లాసు తేదీతో.

అప్పటికప్పుడు గట్టెక్కడానికి ఆ మబ్బు గుర్తు మీద నొక్కి, సెట్టింగుల చక్రంలో పాజ్ సింకింగ్ అని 2 గంటలు పెట్టండి. క్లాసు అక్కడికక్కడే తేరుకుంటుంది. శాశ్వత పరిష్కారానికి జూమ్ సెట్టింగులలో రికార్డింగ్ అనే చోటికి వెళ్ళి, ఫైళ్ళు పడే చోటును డాక్యుమెంట్స్ నుంచి డీ డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్‌కు మార్చండి. డీ డ్రైవ్ లేకపోతే సీ డ్రైవ్‌లోనే, డాక్యుమెంట్స్ బయట పెట్టుకోండి. ఇంతే పని. వన్‌డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ బ్యాకప్‌నే ఆపేయమని కొందరు చెబుతారు, నేను తొందరపడొద్దంటాను. అలా ఆపినప్పుడు ఫైళ్ళు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి, మీ డాక్యుమెంట్స్ ఖాళీగా కనిపించవచ్చు. ఫైళ్ళు పోలేదు, అక్కడ వెతికితే ఉంటాయి. కానీ ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రశ్నపత్రాలు ఒక్కసారిగా కనపడకపోతే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

రికార్డింగ్ చేయని వాళ్ళకు కూడా ఇదే సమస్య ఇంకో దారిలో వస్తుంది. ఇంట్లో ఫోన్లలో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉండి, వైఫైలో ఉన్నప్పుడే ఎక్కించేలా పెట్టి ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో కందుకూరులోనో కనిగిరిలోనో పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇంట్లోకి అడుగుపెట్టగానే ఫోన్ వైఫై పట్టుకుంటుంది, తలంబ్రాల వీడియోలన్నీ ఒకేసారి పైకి బయల్దేరతాయి. క్లాసు జరిగే సేపు ఆ ఫోన్లలో బ్యాకప్ ఆపమని చెప్పండి. ఫోన్ జేబులోనే ఉన్నా, ఎవరూ ముట్టుకోకపోయినా అది నెట్ వాడుతూనే ఉంటుందని ఇంట్లో వాళ్ళకు ఒకసారి వివరించాలి. యూట్యూబ్‌లో పాఠాలు పెట్టేవాళ్ళు ఆ పని క్లాసులన్నీ అయ్యాక పెట్టుకోండి.

శ్రుతి పెట్టె శబ్దం అవతలికి వెళ్ళడం లేదు

సంగీతం వాళ్ళకు మాత్రమే. జూమ్ తంబురా నాదాన్ని ఫ్యాన్ చప్పుడు కింద లెక్కగట్టి తీసేస్తుంది, ఆగకుండా ఒకే తీరుగా మోగేదేదైనా దానికి చప్పుడే. ఆడియో సెట్టింగులలో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్' ఎంచుకుని, క్లాసులోకి వచ్చాక పైన కనిపించే ఆ బటన్ కూడా ఆన్ చేయండి. రెండోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

గొంతు రెండుసార్లు వినిపిస్తోంది, కీచుమంటోంది

ఒకే గదిలో రెండు పరికరాలు మీటింగ్‌లో ఉన్నాయి. ఒకదాని మైకూ స్పీకరూ రెండూ ఆపండి.

నెట్ పూర్తిగా పోయింది

రూటర్ మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ సిగ్నల్ రావడం లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు, గాలులకు మన వైపు ఇది తప్పదు. ఆపి వేసి కూర్చోవద్దు, లైన్‌మన్‌కి ఫోన్ చేసి, కెమెరా ఆపేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద పాఠం నడిపించండి. మాటా, స్క్రీన్ షేరూ మాత్రమే అయితే ఎక్కువ డేటా తినదు. కరెంటు పోయినప్పుడు రూటర్ ఆగకుండా ఉండటానికి మినీ యూపీఎస్ కొనేవాళ్ళు రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా అని చదివి అదే కొనండి.

డీఎన్ఎస్ మార్చమనీ యాంటీవైరస్ తీసేయమనీ విండోస్ మళ్ళీ వేయమనీ ఎవరైనా చెబితే పట్టించుకోకండి, క్లాసులో గొంతు తెగడానికి అవి కారణం కావడం చాలా అరుదు. పైవన్నీ చూశాక కూడా తగ్గకపోతే లాప్‌టాప్‌ను వైరుతో రూటర్‌కు కలిపి ఒక క్లాసు చెప్పి చూడండి. వైరుతో బాగుంటే రూటర్‌కీ మీకూ మధ్య ఉన్న గోడల సంగతి చూసుకోవాలి. వైరుతో కూడా తెగితే అప్పుడు కంపెనీ మనిషిని పిలవండి, మీ క్లాసు టైముకే రమ్మని.