కాకినాడ, మారేడుమిల్లి ట్రిప్‌కి రూమ్ బుక్ చేసే ముందు

కోరింగ మడ అడవులు, మారేడుమిల్లి కలిపి ప్లాన్ చేసేవాళ్లు ఒకే రిసార్ట్ తీసుకుని రోజూ అక్కడినుంచే తిరుగుదాం అనుకుంటారు, వద్దండి, సగం రోజు కార్లోనే పోద్ది. ఒక రాత్రి కాకినాడ, ఒక రాత్రి మారేడుమిల్లి అడవిలో పెట్టుకోండి. కోరింగ కాకినాడకి దాదాపు 20 కిలోమీటర్లే, టౌన్‌లో మామూలు లాడ్జి చాలు. బీచ్ రిసార్టే కావాలి అంటే మాత్రం "సీ వ్యూ" అన్న మాట నమ్మకుండా మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి, మధ్యలో సరుగుడు తోట ఉందంటే సముద్రం వినపడుద్ది గానీ కనపడదు (మేం ఒకసారి ఎక్స్‌ట్రా డబ్బులు కట్టి మరీ సరుగుడు చెట్లు చూసొచ్చాం 😅). కోరింగలో బోటుకి పోటు (సముద్రపు నీరు పెరిగే) టైమ్ ముఖ్యం, పాటులో (నీరు తగ్గినప్పుడు) వెళ్తే బురద, వేర్లే ఎక్కువ కనిపిస్తాయి, ముందురోజే కనుక్కోండి.

మారేడుమిల్లిలో అయితే రూమ్ ఫొటోల కంటే ముందు ఫోన్ చేసి జనరేటర్ ఉందా, మీ సిమ్‌కి సిగ్నల్ వస్తుందా, రాత్రి భోజనం ఎన్నింటిలోపు చెప్పాలి, ఈ మూడూ అడగండి. బొంగులో చికెన్ తినాలంటే అదీ అప్పుడే చెప్పేయండి. అక్టోబర్, నవంబర్లో వెళ్తుంటే తుఫాను వస్తే డబ్బులు వెనక్కిస్తారో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట పనికిరాదు.