సముద్రం అడుగున ఉన్న కేబుల్‌తో భూకంపాన్ని పట్టడం ఎలా

ఇంటర్నెట్ మోసే కేబుల్ భూకంపాన్ని పసిగట్టాలంటే దానికి అదనంగా సెన్సర్లేవీ బిగించక్కర్లేదు, లోపలి గాజు పోగే సెన్సర్. ఒడ్డున ఇంటరాగేటర్ అనే పెట్టె పెట్టి, పోగులోకి లేజర్ పల్సులు వదులుతారు. గాజులో సహజంగా ఉండే అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గుల వల్ల దారి పొడవునా కొద్ది కొద్దిగా కాంతి వెనక్కి తిరిగొస్తుంది (రేలీ పరిక్షేపణం అంటారు), నేల కదిలి పోగు ఏ కాస్త సాగినా, కుదించుకున్నా ఆ కాంతి ఫేజ్ (తరంగం తన ఊపులో ఏ దశలో ఉందో అది) మారుతుంది. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి కదలిక ఎక్కడో తెలిసిపోతుంది. ఈ పద్ధతి పేరు డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్, పొట్టిగా డాస్.

డాస్‌కి ఒక హద్దుంది. పెద్ద కేబుళ్లలో దాదాపు 60 నుంచి 100 కిలోమీటర్లకో రిపీటర్ (బలహీనపడ్డ కాంతిని మళ్లీ పెంచే పరికరం) ఉంటుంది, అందులోని ఐసోలేటర్ వెనక్కి వచ్చే కాంతిని ఆపేస్తుంది, అంటే మొదటి రిపీటర్‌కి అవతల ఏం జరిగినా మామూలు డాస్‌కి కనిపించదు. మహాసముద్రం మొత్తం కావాలంటే దారి వేరు. లాస్ ఏంజెలెస్ నుంచి చిలీలోని వాల్పరైసోకి వెళ్లే గూగుల్ క్యూరీ కేబుల్‌లో, రోజూ డేటా మోసే కాంతి పోలరైజేషన్ (అది కంపించే దిశ) ఎలా మారుతోందో మాత్రమే గమనించి తొమ్మిది నెలల్లో దాదాపు 20 భూకంపాలను పట్టారు, ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. కానీ అందులో కేబుల్ మొత్తానికి కలిపి ఒకే సంకేతం వస్తుంది, ఎక్కడ కదిలిందో విడిగా తెలియదు. 2022లో బ్రిటన్, కెనడాల మధ్య ఉన్న 5,860 కిలోమీటర్ల కేబుల్ మీద, అతి స్థిరమైన లేజర్‌తో, రిపీటర్ల దగ్గర కొంత కాంతిని వెనక్కి పంపే లూప్‌బ్యాక్ దారుల్ని వాడుకుని, రెండు రిపీటర్ల మధ్య ముక్క ఒక్కొక్కటీ ఒక సెన్సర్‌గా పనిచేసేలా చేశారు. మొదలుపెట్టేవాళ్లకి మాత్రం నా సలహా డాస్, అదీ తీరానికి దగ్గర్లోనే. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే బేలో 20 కిలోమీటర్ల కేబుల్‌తోనే 3.4 తీవ్రత భూకంపం శుభ్రంగా కనిపించింది.

సొంతంగా కేబుల్ సంపాదించడం మామూలు విషయం కాదు: యజమాని అనుమతి కావాలి, వాడకుండా ఉంచిన పోగు ఒకటి ఖాళీగా దొరకాలి, పైగా జలాంతర్గాములు కూడా కనిపిస్తాయేమోనని నౌకాదళాలకు టెన్షన్. అందుకే ముందు జనానికి తెరిచి ఉంచిన డేటా తీసుకోండి. అమెరికాలోని ఒరెగాన్ తీరం దగ్గర ఓషన్ అబ్జర్వేటరీస్ ఇనిషియేటివ్ కేబుళ్ల మీద 2021 నవంబరులో రికార్డు చేసిన డాస్ డేటా దొరుకుతుంది. తెరవడానికి పైథాన్, అందులో డాస్ డేటా కోసమే ఉన్న డాస్‌కోర్ లైబ్రరీ చాలు. డిస్కు మాత్రం పెద్దది పెట్టుకోండి, 50 కిలోమీటర్ల కేబుల్‌ని 5 మీటర్లకో ఛానెల్ (కేబుల్ మీద ఒక కొలత చోటు) చొప్పున, సెకనుకు 200 శాంపిళ్లతో, శాంపిల్‌కి 4 బైట్లతో నింపితే రోజుకి దాదాపు 690 గిగాబైట్లు అవుతుంది.

ఇక అందరూ తొందరపడి దాటేసే పని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఏ ఛానెల్ ఎక్కడుందో తేల్చుకోవడం. పోగు వెంట కొలిచిన దూరం, మ్యాప్ మీది దూరం ఒకటి కావు, ఎందుకంటే స్టేషన్ లోపల చుట్టలు చుట్టిన పోగుంటుంది, సముద్రంలో కేబుల్‌ని కాస్త వదులుగా వేస్తారు. నేల మీదైతే సుత్తితో కొట్టి చూసి గుర్తు పెట్టుకోవచ్చు, నీళ్ల కింద ఆ వీలు లేదు కాబట్టి ఓడల్ని వాడుకోండి. ఓడలు తామెక్కడున్నాయో ఏఐఎస్ అనే రేడియో వ్యవస్థ ద్వారా చెబుతూ ఉంటాయి, ఓడ కేబుల్‌ని దాటిన క్షణంలో ఇంజిన్ చప్పుడు ఏ ఛానెల్‌లో గట్టిగా వచ్చిందో చూసి సరిపోల్చండి, రెండు మూడు ఓడలతో చేస్తే తప్పులు బయటపడతాయి. ఇదే ఊపులో చెడ్డ ఛానెళ్లనూ ఏరేయండి. రాళ్ల మధ్య నేలకు ఆనకుండా వేలాడే చోట ప్రవాహం తగిలి కేబుల్ ఒకే ఫ్రీక్వెన్సీలో ఊగుతూ ఉంటుంది, అక్కడ నుంచి భూకంపం గురించి ఏమీ తెలియదు, ప్రవాహాల మీద పనిచేసేవాళ్లకి మాత్రం అదే బంగారం.

తర్వాత అడ్డంగా దూరం, నిలువుగా సమయం పెట్టి బొమ్మ గీయండి. ఒకే క్షణాన అన్ని ఛానెళ్లలో అడ్డగీత కనిపిస్తే అది ఒడ్డున ఉన్న ఇంటరాగేటర్ తాలూకు అదురు, ప్రతి క్షణానికీ అన్ని ఛానెళ్ల మీడియన్ (మధ్య విలువ) లెక్కకట్టి తీసివేస్తే చాలావరకు పోతుంది. ఒడ్డుకు దగ్గర్లో 0.05 నుంచి 0.2 హెర్ట్జ్ మధ్య నెమ్మదిగా ఏటవాలుగా సాగేవి సముద్రపు అలలు. అంతకంటే చాలా నెమ్మదైన మార్పుల్లో ఆటుపోట్లు, నీటి ఉష్ణోగ్రత కలిసిపోయి ఉంటాయి. 20 హెర్ట్జ్ దగ్గర మళ్లీ మళ్లీ వచ్చే పొట్టి అరుపు, సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో రెండు పక్కలకీ పాకుతుంటే అది ఫిన్ తిమింగలం కావచ్చు, ఆ వంపు శిఖరం ఉన్న ఛానెల్ దానికి అన్నిటికంటే దగ్గర. భూకంపం కోసం 1 నుంచి 10 హెర్ట్జ్ వరకు ఉంచి మిగతాది వడకట్టండి, పదుల కిలోమీటర్లను కొన్ని సెకన్లలో దాటేసే గీత కోసం చూడండి. వేగాన్ని బట్టి వేరుచేసే ఎఫ్‌కే ఫిల్టర్ వేస్తే అలలు దాదాపు మాయమవుతాయి.

పోగు తన పొడవు దిశలో సాగుడునే బాగా పట్టుకుంటుంది, పక్క నుంచి లేదా నేరుగా కింద నుంచి వచ్చే పీ తరంగం (భూకంపంలో అన్నిటికంటే ముందు చేరేది) దాదాపు కనిపించకపోవచ్చు. దాని వెనక వచ్చే ఎస్ తరంగం ముందుగా కళ్లబడి, అదే పీ అనుకుంటే భూకంప కేంద్రం ఎక్కడికో పోతుంది. కాబట్టి ఏది దొరికినా యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) భూకంపాల జాబితాతోనో, దగ్గర్లోని భూకంపమాపకంతోనో సరిచూడండి.

తీవ్రత లెక్కకట్టే ముందు ఇంకో జాగ్రత్త. డాస్ ఇచ్చేది నేల వేగం కాదు, స్ట్రెయిన్ (పోగు తన పొడవులో ఎంత వంతు సాగిందో అది) మారే రేటు, దాన్ని వేగంగా మార్చాలంటే తరంగం కేబుల్ వెంట ఎంత జోరుగా పోతోందో తెలియాలి. గట్టి కంపాల్లో అయితే రెండు శాంపిళ్ల మధ్యే ఫేజ్ మార్పు π (అర చుట్టు) దాటేసి సంఖ్యలు తప్పుగా చుట్టుకుంటాయి. గేజ్ లెంగ్త్ (ఒక్కో కొలతకు తీసుకునే పోగు ముక్క పొడవు) తగ్గించి, సెకనుకు పంపే పల్సుల సంఖ్య పెంచితే ఈ బెడద తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. గేజ్ తగ్గితే చిన్న సంకేతాలు గోలలో కలిసిపోతాయి, పల్సులకేమో 100 కిలోమీటర్ల పోగు మీద సెకనుకు 1,000 దాటే వీల్లేదు, ముందు పంపిన కాంతి తిరిగి రావడానికే ఒక మిల్లీసెకను పడుతుంది మరి.