వెక్టర్ బొమ్మను వెబ్ కోసం పీఎన్‌జీగా మార్చేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో పదునుగా కనిపించిన లోగో వెబ్‌సైట్‌లో పెట్టగానే చెడిపోయిందంటే, లోపం చాలావరకు గీసినదానిలో కాక, దాన్ని పిక్సెళ్లుగా మార్చిన తీరులోనే ఉంటుంది. అందువల్ల తయారైన పీఎన్‌జీకి మెరుగులు దిద్దే బదులు, గీతలు, ఆకారాల కొలతలుగా బొమ్మను దాచే వెక్టర్ ఫైలైన ఎస్‌వీజీ దగ్గరకు తిరిగి వెళ్లి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే సరైన మార్గం.

సమస్య: బొమ్మ అంతా మసకగా ఉంది.

ఇంక్‌స్కేప్ మామూలుగా 96 డీపీఐతో, అంటే అంగుళానికి 96 పిక్సెళ్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తుంది కనుక, రెండు అంగుళాల లోగోకు 192 పిక్సెళ్ల వెడల్పే దక్కుతుంది. పేజీలో దాన్ని 300 పిక్సెళ్ల చోటులో చూపిస్తే బ్రౌజర్ సాగదీయక తప్పదు. తెర సాంద్రత రెండు రెట్లున్న ఫోన్‌లో అదే చోటుకు 600 పిక్సెళ్లు కావాలి. కాబట్టి డీపీఐని పట్టించుకోకుండా, ఎక్స్‌పోర్ట్ పెట్టెలో వెడల్పును నేరుగా పిక్సెళ్లలో ఇవ్వడం మేలు. ఆదేశాలతో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ వాడేవారు, డీపీఐని తెలిపే డెన్సిటీ ఆప్షన్‌ను ఎస్‌వీజీ ఫైలు పేరుకు ముందే రాయాలి; తరువాత రాస్తే బొమ్మ అప్పటికే పిక్సెళ్లుగా మారిపోయి ఉంటుంది.

సమస్య: సన్నని గీతలు మాత్రమే బూడిదరంగుకు తిరిగాయి.

ఒక పిక్సెల్ మందమున్న నిలువు గీతను ఎడమ అంచు నుంచి సరిగ్గా 10 పిక్సెళ్ల దూరంలో గీస్తే, అది 9.5 నుంచి 10.5 వరకు పరుచుకుంటుంది. రెండు వరుసల పిక్సెళ్లు సగం సగమే నిండడం వల్ల నల్లటి గీత కాస్తా వెడల్పైన బూడిద చారగా మారుతుంది. గీతను 10.5కు జరిపితే ఒకే వరుస పూర్తిగా నిండుతుంది. ఐకాన్ల విషయంలో కొలత కూడా ముఖ్యమే: 24 యూనిట్ల గడిలో గీసినదాన్ని 100 పిక్సెళ్లకు మారిస్తే అంచులు పిక్సెళ్ల మధ్యలో పడతాయి, 96కో 120కో మారిస్తే పడవు.

సమస్య: పారదర్శకంగా ఉండాల్సిన నేపథ్యం నల్లగా వచ్చింది, అంచుల చుట్టూ మచ్చలున్నాయి.

బొమ్మను జేపెగ్‌గా దాచినప్పుడు ఇలా వస్తుంది: జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, దాని కుదింపు పద్ధతి పదునైన అంచులను పాడుచేస్తుంది. పీఎన్‌జీ వాడండి.

సమస్య: తెలుగు అక్షరాలు చెదిరిపోయాయి.

మన బొమ్మల్లో అన్నింటికంటే బాధ కలిగించే లోపం ఇదే, ఎందుకంటే మిగతావి కంటికి ఇబ్బంది పెడితే ఇది పేరునే తప్పుగా చూపిస్తుంది. ఇది ఏ రూపంలో కనిపించిందో చూస్తే కారణం తెలుస్తుంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే, మార్పిడి జరిగిన సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేదు. ‘లక్ష్మి’లో ఒత్తులు విడిపోయి పొల్లులతో పక్కపక్కన నిలబడితే, ఫాంట్ ఉన్నా అక్షరాలను కూర్చే షేపింగ్ జరగలేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే, అన్ని భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌కు ముందుకాలపు ఫాంట్‌తో టైప్ చేసిన పాఠం అది. బ్రౌజర్‌లో కాన్వాస్ (పేజీలో కోడ్‌తో బొమ్మ గీసే పలక) ద్వారా మార్చేవారికి ఇంకో చిక్కుంది: ఇమేజ్‌గా లోడైన ఎస్‌వీజీ బయటి వెబ్ ఫాంట్‌ను తెచ్చుకోలేదు.

వీటన్నింటికీ నమ్మదగిన మందు ఒకటే. బొమ్మ సరిగా కనిపిస్తున్న కంప్యూటర్‌లోనే పాఠాన్ని ఎంచుకుని, పాత్ మెనూలోని ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు ఆకారాలుగా మారి, ఏ ఫాంట్ మీదా ఆధారపడవు. అయితే ఆ తరువాత అక్షరదోషం దిద్దడానికి వీలుండదు కాబట్టి, అసలు ఫైలును వేరే పేరుతో దాచుకున్నాకే ఈ పని చేయాలి. పీఎన్‌జీలోని పదాలు చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందవు గనుక, వాటిని పేజీలో ఆల్ట్ పాఠంగా (బొమ్మకు బదులు చదివే వివరణగా) యూనికోడ్‌లో రాయడం కూడా ఈ మార్పిడిలో భాగమే.