డెలాయిట్‌లో ఆఫర్ వచ్చిందా? ముందు ఏ డెలాయిటో చూసుకోండి

మా చుట్టాల్లో ఎవరి పిల్లలకైనా డెలాయిట్‌లో ఉద్యోగం వచ్చిందని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది "ఏ డెలాయిట్?" అని. జీతం అడక్కుండా ఇదేం ప్రశ్న అని అవతలివాళ్లకి కాస్త చిరాకేస్తుంది. డెలాయిట్ అంటే కంపెనీల లెక్కల తనిఖీ (ఆడిట్), ట్యాక్స్, సలహాల (కన్సల్టింగ్) పనులు చేసే అంతర్జాతీయ సంస్థ అని అందరికీ తెలుసు. కానీ ఒక్క హైదరాబాద్‌లోనే ఆ పేరు మీద వేర్వేరు కంపెనీలున్నాయి, ఒకదాని పనికీ ఇంకోదాని పనికీ పొంతన ఉండదు.

ఆఫర్ లెటర్ తీసి, లోగో సంగతి వదిలేసి, పూర్తి పేరు చదవండి. "డెలాయిట్ హాస్కిన్స్ అండ్ సెల్స్ ఎల్‌ఎల్‌పీ" అని ఉంటే అది మన దేశపు సీఏ ఫర్మ్, ఇక్కడి కంపెనీల లెక్కలు తనిఖీ చేసి ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టేది. సీఏ ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగంగా చేసే శిక్షణ కోసం చూస్తున్నవాళ్లు వెళ్లాల్సింది ఇలాంటి చోటికే. "డెలాయిట్ కన్సల్టింగ్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్", "డెలాయిట్ ట్యాక్స్ సర్వీసెస్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్" లాంటి పేరుంటే అది అమెరికా డెలాయిట్ పనులు చేసిపెట్టేది. పేరు మీద అనుమానముంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో కొట్టి చూడండి. ఉద్యోగానికి డిపాజిట్ కట్టమన్నారా, ఇక వెతకక్కర్లేదు, అది మోసం.

ఇన్ని పేర్లెందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. లండన్ దివాలా కోర్టులో సహాయకుడిగా పనిచేసి, కంపెనీలు ఎలా మునుగుతాయో దగ్గర్నుంచి చూసిన విలియం వెల్చ్ డెలాయిట్ 1845లో ఆ కోర్టు ఎదురుగానే, బేసింగ్‌హాల్ వీధిలో సొంత ఆఫీసు తెరిచాడు. 1849లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఆయన్ని బయటి ఆడిటర్‌గా పెట్టుకుంది, జనం రైల్వే షేర్లలో పెట్టిన డబ్బు చాలా పోగొట్టుకున్న రోజులవి. తర్వాత అమెరికాలో 1895లో పుట్టిన హాస్కిన్స్ అండ్ సెల్స్ అనే ఆడిట్ ఫర్మ్ వచ్చి కలిసింది, 1989లో టూష్ రాస్ అనే ఇంకోటి కలిసింది. తమాషా ఏంటంటే ఆ 1989లో బ్రిటన్ డెలాయిట్ వాళ్లు ఈ కలయికకి రాకుండా కూపర్స్ అండ్ లైబ్రాండ్ అనే పోటీ ఫర్మ్ వైపు వెళ్లిపోయారు, ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో పార్టీలో చేరినట్టు! అలా వెళ్లగలిగారంటే కారణం ఒక్కటే, ఏ దేశపు ఫర్మ్‌కి ఆ దేశపు పార్ట్‌నర్లే యజమానులు. ఇప్పటికీ చాలావరకు అంతే. అందరి మీదా ఉండే డెలాయిట్ టూష్ తోమాట్సు లిమిటెడ్ తాను ఏ క్లయింటుకీ పని చెయ్యదు.

ఆడిట్‌నీ కన్సల్టింగ్‌నీ విడివిడిగా ఉంచడం వెనక ఇంకో కథ ఉంది. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌కి ఆర్థర్ ఆండర్సన్ అనే ఆడిట్ ఫర్మ్ ఒకపక్క ఆడిట్ చేస్తూ ఇంకోపక్క కన్సల్టింగ్ ఫీజులూ తీసుకుంది, ఎన్‌రాన్ కూలాక తనూ మిగల్లేదు. 2002లో అమెరికా చట్టం తెచ్చి ఆడిట్ క్లయింటుకి అమ్మకూడని సేవలు ఇవీ అని గీత గీసింది. మన 2013 కంపెనీల చట్టంలో 144వ సెక్షన్ కూడా అలాంటిదే. 2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం చూసిన ఊరికి ఇది విడమర్చి చెప్పాలా?

ఇక ప్రిపరేషన్. ఆడిట్ అయితే జర్నల్ ఎంట్రీలు నోటికి రావాలి. తరుగుదల పది రూపాయలు పెరిగితే లాభనష్టాల ఖాతాలో, బ్యాలెన్స్ షీట్‌లో, క్యాష్ ఫ్లోలో ఏం మారుతుందో తడుముకోకుండా చెప్పగలగాలి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. అమెరికా ట్యాక్స్ అయితే కార్పొరేషన్లకి 1120, పార్ట్‌నర్‌షిప్‌లకి 1065 ఫారాలు ఒకసారి తిరగేసి వెళ్లండి. కన్సల్టింగ్ అంటే చాలావరకు శాప్, ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్ పనే, అమీర్‌పేట కోచింగ్ రూట్‌లో వచ్చినవాళ్లకి కొత్తేం కాదు.

సెలవుల లెక్క కూడా ముందే వేసుకోండి. అమెరికా ఆడిట్‌లో ఉంటే సంక్రాంతి నుంచి మార్చి దాకా ఊపిరాడదు. ట్యాక్స్ వాళ్లకి మార్చి 15, ఏప్రిల్ 15 గడువులుంటాయి, గడువు పొడిగించుకున్న రిటర్నులు సెప్టెంబర్ 15, అక్టోబర్ 15కి వచ్చిపడతాయి. అంటే దసరాకి ఊరెళ్లడం అనుమానమే. పెళ్లి ముహూర్తం పెట్టేముందు మేనేజర్ని కూడా అడగండి, సరదాకి అనట్లేదు.

చివరగా డీమ్యాట్, అంటే మీ షేర్లుండే ఖాతా. ఆడిట్ చేసే కంపెనీల షేర్లు మీ దగ్గర ఉండకూడదని నియమాలుంటాయి, మీ స్థాయినిబట్టి, క్లయింటునిబట్టి అవి మారతాయి, భార్య లేదా భర్త పేరున ఉన్నవీ లెక్కలోకి రావచ్చు. కాబట్టి ఇంట్లోవాళ్ల షేర్లు, ఫండ్లు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, చేరే తేదీకి ముందే హెచ్‌ఆర్‌కి పంపి ఏవి అమ్మాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి.