కరక్కాయ పెచ్చులోని ఫినాలిక్ సమ్మేళనాలను పరీక్షించే పద్ధతి

త్రిఫలాలలో ఒకటైన కరక్కాయలో గ్యాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం, చెబులాజిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ సమ్మేళనాలు పెచ్చులోనే దండిగా ఉంటాయి కనుక, గింజ తీసివేసి పెచ్చును మాత్రమే దంచి జల్లించాలి. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టేది వీటిలోని టానిన్ల (ప్రోటీన్‌కు, లోహానికి అతుక్కునే వగరు పదార్థాల) కోసమే. ఇనుము తగిలితే అవి నల్లబడతాయి. అందువల్ల ఇనుప కల్వం, ఇనుప గరిటె వాడకూడదు.

గ్రాము పొడిని 50 మి.లీ. 70 శాతం ఇథనాల్‌లో వేసి, అప్పుడప్పుడు కుదుపుతూ 24 గంటలు చీకటిలో ఉంచి వడకట్టాలి. ఈ సారాన్ని సుమారు వందింతలు పలచన చేస్తేనే కొలత సాధారణంగా తెలిసిన గాఢతల గ్యాలిక్ ఆమ్లంతో గీసిన ప్రామాణిక రేఖ పరిధిలోకి వస్తుంది. పలచన చేసిన సారం 0.5 మి.లీ.కు, ఫినాలిక్ సమ్మేళనాలతో నీలిరంగునిచ్చే ఫోలిన్-సియోకాల్ట్యూ కారకాన్ని పదింతలు పలచబరచి 2.5 మి.లీ. కలిపి, ఐదు నిమిషాల తర్వాత 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మి.లీ. చేర్చి, అరగంట ఆగి 765 నానోమీటర్ల వద్ద నీలిరంగు శోషణను చదవాలి. ఈ కారకం విటమిన్ సి వంటి ఇతర క్షయకరణులతోనూ (ఎలక్ట్రాన్లనిచ్చే పదార్థాలతోనూ) చర్య జరుపుతుంది కనుక, ఫలితాన్ని గ్యాలిక్ ఆమ్ల సమానంగానే రాయాలి.

యాంటీ ఆక్సిడెంట్ శక్తి కోసం 4 మి.గ్రా. ఊదారంగు ఫ్రీ రాడికల్ అయిన డీపీపీహెచ్‌ను 100 మి.లీ. మిథనాల్‌లో కరిగించి, అందులో 3 మి.లీ.కు వేర్వేరు గాఢతల సారాన్ని ఒక్కో మి.లీ. చొప్పున కలిపి, 30 నిమిషాలు చీకటిలో ఉంచి 517 నానోమీటర్ల వద్ద చూడాలి. ఫినాల్‌లోని హైడ్రాక్సిల్ సమూహం హైడ్రోజన్‌ను ఇచ్చేకొద్దీ ఊదారంగు పసుపుకు తిరుగుతుంది. సారానికే పసుపుపచ్చ రంగు ఉంటుంది కాబట్టి, డీపీపీహెచ్ లేని సారపు శోషణను తీసివేయాలి. చాలా నివేదికలలో ఈ సవరణ కనిపించకపోవడం విచారకరం.

వాపును తగ్గించే గుణానికి కళాశాలల్లో సాధారణంగా అల్బుమిన్‌ను వేడిచేసి, 660 నానోమీటర్ల వద్ద మసకను కొలుస్తారు. కరక్కాయకు ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. టానిన్లు వేడి అవసరం లేకుండానే ప్రోటీన్‌ను అవక్షేపిస్తాయి. వేడిచేయకముందే పరీక్షనాళికను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే తెల్లని మసక కనిపించవచ్చు, అప్పుడు ఆ అంకెకు అర్థం ఉండదు. వీలున్నచోట, బాక్టీరియా పొర నుంచి వచ్చి వాపును రేపే ఎల్‌పీఎస్‌తో ఉత్తేజపరచిన రా 264.7 అనే ఎలుక రక్షక కణాలలో, వాపుకు గుర్తు అయిన నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుదలను, దాన్ని రంగుగా చూపే గ్రీస్ (Griess) కారకంతో 540 నానోమీటర్ల వద్ద కొలవాలి; కణాలు చనిపోవడం వల్ల తగ్గలేదని బతికున్న కణాలను అంచనా వేసే ఎంటీటీ పరీక్షతో నిర్ధారించుకోవాలి.

ఈ టానిన్లలో చాలావరకు పేగులో విచ్ఛిన్నమై, కొంత భాగం అక్కడి సూక్ష్మజీవుల వల్ల యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మారి రక్తంలో చేరతాయి. కాబట్టి పరీక్షనాళికలో వచ్చిన ఐసీ50 విలువ (ప్రక్రియను సగానికి తగ్గించే గాఢత) నుంచి రోగికి ఇవ్వవలసిన మోతాదును లెక్కకట్టకూడదు.