ఇంప్లాంట్ మానేదాకా – 3వ పాఠం: దవడ పట్టు విప్పడం

ఇంప్లాంట్ అంటే ఊడిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే మర. అది వేయించుకున్నాక కుట్లు, ఉప్పునీళ్లు, మెత్తటి తిండి గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఇయ్యాల టెన్షన్ సంగతి. ‘టెన్షన్ పడకండి’ అనడం డాక్టరుకు తేలికే. కొనుగోలు కేంద్రంలో యాసంగి వడ్లు కుప్ప పోసి, మబ్బు కమ్మిన రాత్రి టార్పాలిన్ కోసం ఉరికే మిర్యాలగూడ రైతుకు ఆ మాట ఎట్లా ఎక్కుతుంది? అందుకే టెన్షన్ మానమని చెప్పను. అది నోట్లో చేసే పనిని పట్టుకోవడం నేర్చుకుందాం.

టెన్షన్‌లో గాయం ఆలస్యంగా మానడం ఉత్త మాట కాదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిట్లో 3.5 మి.మీ. గాయాలు చేసి చూశారు, 1998లో అచ్చయింది. వేసవి సెలవుల్లో చేసిన గాయం కంటే, పరీక్షలకు మూడు రోజుల ముందు చేసినది మానడానికి సగటున 3 రోజులు ఎక్కువ పట్టింది. ఒక్కరికి కూడా పరీక్షలప్పుడు తొందరగా మానలేదు. అయితే అది మెత్తటి కండ, ఎముక కాదు. ఇంప్లాంట్‌కు ఇంకో చిక్కుంది. టైటానియం మరను ఎముక పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదటి వారాల్లో అది అదేపనిగా కదిలితే చుట్టూ ఎముకకు బదులు నారలాంటి కండ పెరుగుతుంది. పళ్లు బిగబట్టే అలవాటు ఆ కదలికకు దారి ఇస్తుంది.

ఇప్పుడు చేసి చూడండి. పెదవులు కలవాలి, పళ్లు కలవొద్దు. ‘ల’ అనేటప్పుడు నాలుక తగిలే చోట కొనను ఆనించండి. దవడ దానంతటదే కిందికి జారుతుంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. అట్లా ఐదుసార్లు. పట్టు తెలియడానికి గట్టిగా కొరికి మాత్రం చూడొద్దు. నేను ఆ తెలివి చూపిస్తే కుట్ల దగ్గర చురుక్కుమంది.

గుర్తుండడమే కష్టం. నల్లగొండ నుంచి హైదరాబాద్ బస్సులో నేను నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ అని స్టేజీ వచ్చినప్పుడల్లా పళ్లు చూసుకునేవాణ్ని. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడైతే ప్రతిసారీ దొరికిపోయేవాణ్ని! మీకు ఫోన్ మోగడమే గుర్తు కావచ్చు.

పొద్దున లేచేసరికి దవడ నొప్పిగా ఉంటే నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో, డాక్టరుకు చెప్పండి. మూడో రోజు దాటాక నొప్పి, వాపు పెరిగినా, చీము, జ్వరం కనిపించినా టెన్షన్ అనుకుని ఊరుకోవద్దు, వెంటనే చూపించుకోండి. టెన్షన్‌కు బీడీ ముట్టించడం ఇంకా చేటు.

వారం రోజులు, పళ్లు బిగిసి దొరికినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టండి. పక్కనే అప్పుడేం చేస్తున్నారో ఒక్క మాట రాయండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలు.